దుబాసీ

నెల్లూరు బండి దిగిన నొప్పులన్నీ
మొదట నా దగ్గరికే వచ్చేవి.
పూనమల్లి హైరోడ్డు, పెద్దాసుపత్రి,
రెండో అంతస్తు, లిఫ్టు పక్కన నేను.
పద్దెనిమిదేళ్ళు.
ఒకప్పుడు ఈ ఊళ్ళో దుబాసీల పేర్లు వీధులకు పెట్టారు.
నాకు స్టూలు కూడా వెయ్యలేదు.

సలుపు, పోటు, తీపు, గుంజుడు,
జివ్వుమనడం, చీమలు పాకినట్టు,
ఎవరో లోపల కూర్చుని తడిబట్టలు పిండుతున్నట్టు
అన్నిటినీ మోసుకెళ్ళి
డాక్టరు బల్ల మీద 'వలి' అని ఒక్క అరవ మాట పెట్టేదాన్ని.
ఆయన దాన్ని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు చేసి రాసుకునేవాడు.
మధ్యలో రాలినవాటిని ఎవరూ ఊడ్వలేదు.

నలభై రెండేళ్ళకి నీట్ రాస్తానంటే
ఎందుకన్న వాళ్ళకి తలా ఒక జవాబిచ్చాను.
మా ఆయనకి, అమ్మాయి రెండుసార్లు రాసి వదిలేసిన పుస్తకాల్ని
పాత పేపర్లవాడు కిలో పన్నెండుకి అడుగుతున్నాడని.
పై ఇంటి మామికి, సేవ అని.
ఆ మాటని ఎవరూ తిరిగి ప్రశ్నించరు.
చేతనకి (అన్నానగర్లో కేకులు చేస్తుంది, సుఖంగా ఉంది)
నిజానికి కాస్త దగ్గరది చెప్పాను.
కుర్చీ కోసమే.
ఒక్కసారి కూర్చుని వినాలని.

అదీ ఉంది. ఉండకపోవడమేం.
మొన్నటి హౌస్ సర్జన్ కుర్రాడు "అక్కా, సీక్రం" అని చిటికేస్తే
ఒళ్ళు మండేది.
ఆ మంటని కూడా వలి అనే అనాలేమో.

పోలేరయ్య సంగతి ఎవరికీ చెప్పలేదు.
తడ నించి వచ్చాడు, పులికాట్‌లో రొయ్యలు పట్టేవాడు.
చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు.
"ఎడం జబ్బ లాగతా ఉండాదమ్మా, రేత్రి నించి."
జబ్బంటే భుజం. భుజమంటే తోళ్.
తోళ్ వలి అన్నాను.
ఏ నిఘంటువు చూసినా నాది తప్పు కాదు.
ఎముకల విభాగం, మూడో అంతస్తు, టోకెను నలభై ఏడు.
లాగడమంటే ఎలా, ఎక్కణ్ణించి ఎక్కడికి,
చెమట పట్టిందా
అని అడగడం నా పని కాదు.
అడగాల్సినాయన అడగలేదు.
నలభై ఒకటి పిలుస్తుండగా
బెంచీ మీద పక్కకి ఒరిగాడు.
ఆయన భార్య లిఫ్టు దగ్గరికొచ్చి దండం పెట్టింది.
తిట్టి ఉంటే బాగుండేది.
"ఏమైందో ఆళ్ళనడిగి చెప్పు అమ్మణ్ణీ."
ఆ ఇంగ్లీషు మాటని తెలుగులోకి తెచ్చేలోపు
లిఫ్టు రెండుసార్లు పైకెళ్ళి కిందికొచ్చింది.

పెరంబూరు నించి ఇరవైతొమ్మిది సి బస్సులో
కప్ప గుండెకి మూడు గదులని చదివాను, నిలబడే.
ఫిజిక్సు మాత్రం ఎక్కలేదు.
వాలు బల్ల మీది దిమ్మె
ఎందుకంత తీరుబాటుగా జారుతుందో ఇప్పటికీ తెలీదు.

మే నెల. విల్లివాక్కంలో పరీక్ష.
"పేరెంట్స్ ఎల్లాం వెళియే నిల్లుంగ" అంది గేటు దగ్గర పిల్ల.
హాల్ టికెట్ చూపిస్తే
ఫోటోని, నన్ను, మళ్ళీ ఫోటోని చూసింది.
మెట్టెలు తియ్యమంది. వేళ్ళు ఉబ్బి రాలేదు.
తనే సబ్బు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని తీసింది.
నొప్పెట్టిందా అంది.
ఎలాంటి నొప్పి అనలేదు. చిన్నపిల్ల.

ఫలితాలింకా రాలేదు.
ఈ పూట గూడూరు నించి ఒక అవ్వ,
కడుపులో దేవినట్టుందంది.
దేవడం. దీన్ని అరవంలో ఏమంటారో
పద్దెనిమిదేళ్ళుగా నాకు తెలీదు,
వాంతి అనేసి ఊరుకునేదాన్ని.
మందుల కౌంటర్ నించి స్టూలు లాక్కొచ్చి
ఆమెని కూర్చోబెట్టాను. పక్కన నేల మీద నేను.
"ఎట్టా దేవతా ఉంది అవ్వా?
తిన్నాకా, తినకముందా?
పైకెగదన్నతా ఉందా, ఒక్కచోటే తిరగతా ఉందా?"
వెనక వరస గొణిగింది.
లోపల డాక్టరు బెల్లు కొట్టాడు.
మళ్ళీ కొట్టాడు.
అవ్వ కళ్ళు మూసుకుని
సరైన మాట వెతుక్కుంటోంది.